ఏదుము అంటే ఐదు తూములా, ఏడు తూములా?

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. దాని సారాంశం ఇది. (తూము పాతకాలపు ధాన్యం కొలత, కుంచం ధాన్యం కొలిచే పాత్ర.)

ఆమెకు యాభై రెండేళ్ళు. గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో పుట్టి, బ్యాంకు ఉద్యోగం వల్ల వేరే జిల్లాలో స్థిరపడ్డారు. ఆమె తాతగారు 1958లో ఇద్దరు కొడుకులకూ పొలం పంచుతూ ఒక పంపకాల కాగితం రాశారు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన కూతురి కోసం అందులో ఒక వాక్యం చేర్చారు. "తూర్పు మడి అనుభవించువారు మా అమ్మాయి జీవించియున్నంత కాలము ఏటా నూర్పిడి కాగానే ఏదుము ధాన్యము మన యింటి కుంచముతో కొలిచి ఇయ్యవలెను" అన్నది ఆ వాక్యం. తూర్పు మడి పాఠకురాలి తండ్రిగారి వాటాకు వచ్చింది. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ మాట తప్పకుండా, సంక్రాంతికి ముందే చెల్లెలికి ధాన్యం కొలిచి ఇచ్చారు. ఆయన మూడేళ్ళ కిందట కాలం చేశారు. ఇప్పుడు పొలం కౌలుకు ఇచ్చి హైదరాబాదులో ఉంటున్న అన్నయ్య మొదటి రెండేళ్ళు తనకు తోచినంత డబ్బు పంపి, ఈ ఏడాది అదీ పంపలేదు. తొంభై దాటిన మేనత్తను తన ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నది చిన్నాన్నగారి అబ్బాయి, ఆమెకు వరసకు తమ్ముడు. అతను పాత కాగితం వెలికి తీసి, ఏదుము అంటే ఏడు తూములనీ, మూడేళ్ళ బాకీ మొత్తం లెక్కకట్టి ఇవ్వాలనీ అంటున్నాడు. అన్నయ్యేమో ఏదుము అన్నది లెక్క కాదనీ, 'ఏదో ఇంత' అని తాతగారు పెద్దమనసుతో వదిలేసిన మాటనీ అంటున్నారు. తండ్రిగారి సంవత్సరీకం రోజున వీధి అరుగు మీద మాటా మాటా పెరిగి, ఇద్దరూ భోజనం చేయకుండానే లేచిపోయారు.

ఇద్దరూ ఇప్పుడు ఆమెకే ఫోన్ చేసి, "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అంటున్నారు. ఐదంటే తమ్ముడు నొచ్చుకుంటాడు, ఏడంటే అన్నయ్య దూరమవుతాడు, తెలియదంటే అత్తయ్యకు అన్యాయం జరుగుతుంది అని ఆమె బాధ. ఆ మాటకు అసలు అర్థమేమిటో, తాను ఎవరి పక్షాన నిలబడాలో చెప్పమని అడిగారు. ఉత్తరం చివర్లో, సంబంధం లేని సంగతులంటూ మరో రెండు విషయాలు రాశారు. చిన్నప్పుడు నాన్నగారు ధాన్యం కొలుస్తుంటే, నాలుగు కుంచాలకోసారి ఎడమచేతి వేలు ఒకటి ముడిచే పని ఆమెదట. ఇక ఇంటి కుంచాన్ని అన్నయ్య హైదరాబాదు తీసుకెళ్ళి, హాల్లో ఎండుపూల కొమ్మలు పెట్టుకున్నారు. మొన్న అత్తయ్యను చూడబోతే ఆవిడ డబ్బు ఊసు ఎత్తలేదు కానీ, "కుంచం ఏదమ్మా?" అని మాత్రం రెండుసార్లు అడిగారట. వయసు మీద పడి మాట తప్పుతోందేమోనని ఆమె అనుకున్నారు.

అమ్మా,

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ఎవరి పక్షం అన్నది ఆ తరువాతి ప్రశ్న, బహుశా అప్పటికి ఆ ప్రశ్న మీరు అడిగిన రూపంలో మిగలదు కూడా.

ఏదుము అంటే ఐదు తూములు. ఇందులో సందేహం లేదు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ బ్రౌన్ దొర కూర్చిన నిఘంటువులోనూ ఈ అర్థమే ఉంది. అయితే నిఘంటువు పేజీ చూపించినంత మాత్రాన మీ తమ్ముడు ఒప్పుకోకపోవచ్చు. "ఏడు అన్న మాట అందులో వినిపిస్తూనే ఉంది కదా" అని ఆయన అంటే, చెవికి అలా తోచడం సహజమే. కాబట్టి ఆ మాట ఎలా పుట్టిందో కాస్త వివరంగా చెబుతాను. మీరు ఇద్దరికీ చెప్పవలసి వచ్చినప్పుడు ఇది పనికివస్తుంది.

మన భాషలో ఐదుకు పాత రూపం ఏను. ఆ మాట పోయిందనుకుంటాం కానీ పోలేదు. రోజూ పలికే పదిహేనులో అది ఉంది, పదియు ఏనూ కలిసి పదియేను, పదిహేను అయింది. యాభైకి పాత రూపమైన ఏబదిలో ఉంది. పాత కావ్యాల్లో పాండవులను ఏవురు అన్నప్పుడు ఉంది. ఈ ఏను పక్కన తూము చేరింది. ఏను చివర ఉన్నది నకారం. నకారం తరువాత వచ్చే క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం మనం బడిలో 'పూచెను, కలువలు' కలిపి 'పూచెఁ గలువలు' అని నేర్చుకున్నదే. ఇక్కడా అదే జరిగి తూములోని తకారం దకారమైంది, దీర్ఘం కుదించుకుపోయింది, ముందు ఏందుము, తరువాత ఏదుము అయింది. దీనికి తోడబుట్టినది పందుము, అంటే పది తూములు. పన్నెండులో కనిపించే పన్ అనే రూపమే అక్కడా ఉంది. రెండు తూములకు ఇద్దుము, మూడు తూములకు ముత్తుము అన్న మాటలూ ఉండేవి. కొలత పని రోజూ చేసే జనం నోట పెద్ద మాటలు ఇలా అరిగి నున్నబడతాయి.

ఇక ఏడు సంగతి. ఏడు చివర నకారం లేదు. అందువల్ల దాని పక్కన తూము చేరితే తకారం దకారం కావడానికి కారణమే లేదు. పైగా ఏడులోని డకారం ఎక్కడికీ పోదు, పదిహేడులో చూడండి, నిక్షేపంగా ఉంది. తాతగారు ఏడు తూములు ఇవ్వదలుచుకుంటే ఏడు తూములు అనే రాసి ఉండేవారు. చేతిరాతలో ద, డ ఒకదానికొకటి పొరపడేంత దగ్గరి అక్షరాలు కాబట్టి మీ తమ్ముడు కావాలని తప్పు చదివాడని నేను అనుకోవడం లేదు. కానీ అక్కడ డకారమే ఉందని వాదించినా, 'ఏడుము' అనే కొలత మాట తెలుగులో లేదు.

మీ అన్నయ్య అర్థం మరింత దూరం పోయింది. ఏదుములో 'ఏదో' లేదు. కుంచంలో 'కొంచెం' కూడా లేదు, అవి రెండూ వేరు మాటలు. వాక్యంలో ఉన్నది కొలిచి ఇయ్యవలెను అన్న క్రియ. తోచినంత ఇవ్వమనదలుచుకున్న మనిషి కొలిచి ఇవ్వమని రాయడు, ఏ పాత్రతో కొలవాలో అసలే రాయడు.

మూడో అర్థం ఒకటి మున్ముందు ఎవరైనా తెస్తారేమోనని ముందే చెబుతున్నాను. పాత శాసనాల్లో, దస్తావేజుల్లో పుట్టి, తూము అన్నవి నేలకు కూడా కొలతలు. పుట్టెడు చేను అంటే పుట్టెడు విత్తనాలు పట్టే నేల. ఆ లెక్కన ఏదుము అంటే ఫలానా విస్తీర్ణం గల భూమి అని ఎవరైనా మెలిక పెట్టవచ్చు. మీ కాగితంలో ఏదుము ధాన్యము అని స్పష్టంగా ఉంది కాబట్టి ఆ మెలికకు తావు లేదు, దాన్ని పట్టించుకోనవసరం లేదు.

ఇప్పుడు తూము అనే మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ ఇంటి తగవుకు మూలం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. తూము అంటే చెరువు గట్టులో నీరు వదిలే దారి అని అందరికీ తెలుసు. తమిళంలో తూంబు అంటే బోలుగా ఉన్న గొట్టం, వెదురు గొట్టం, నీరు పోయే దారి. చెరువు తూము, ధాన్యం తూము ఒకే మాట అనీ, లోపల ఖాళీగా ఉండి దేన్నైనా పట్టేది అన్నదే దాని తొలి అర్థమనీ భావించడం నాకు సబబుగా తోస్తుంది. వెదురు బొంగును కణుపు దగ్గర కోసి గింజలు కొలిచిన చేతులే ఆ పేరు పెట్టి ఉంటాయని ఊహించుకుంటే ఆ మాట మీద నాకు మరింత మమకారం కలుగుతుంది.

మన కొలతల మాటలు చాలా ఇలా పాత్రల నుంచి పుట్టినవే. కుంచం పట్టేంత కుంచెడు, మానిక పట్టేంత మానెడు, గంప పట్టేంత గంపెడు, కడవ పట్టేంత కడివెడు. పాత్రను పక్కన పెట్టి పరిమాణాన్ని మాత్రమే మిగుల్చుకున్నాం, అందుకే గంప ఎరుగని పిల్లలు కూడా గంపెడాశ అంటారు, పుట్టిని చూడనివారు కూడా పుట్టెడు దుఃఖం అంటారు. మాటలో పాత్ర మరుగున పడితే నష్టం లేదు. కానీ మీ తాతగారి కాగితంలో పాత్ర మరుగున పడితే వాక్యానికి అర్థమే ఉండదు. ఆయన ఏదుము ధాన్యం ఇవ్వమని ఆగలేదు, మన యింటి కుంచముతో అన్నారు.

ఎందుకలా అన్నారో చెబుతాను. ఎక్కాల పుస్తకం ప్రకారం నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ లెక్కన ఏదుము అంటే ఇరవై కుంచాలు, అంటే పావు పుట్టి. మీ తమ్ముడు చెప్పే ఏడు తూములైతే ఇరవై ఎనిమిది కుంచాలు అవుతాయి. ఈ నిష్పత్తులు బడిలో అందరూ ఒకేలా వల్లించినా, కుంచం అనే పాత్ర మాత్రం ఊరూరికీ మారేది. ఒక ఊరి కుంచం మరో ఊరి కుంచం కంటే పెద్దదిగా ఉండేది, ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు మరో కుంచం వాడే ఇళ్ళూ ఉండేవి. దశాంశ పద్ధతిని తెచ్చిన తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చి, దశలవారీగా అమలైంది. మీ తాతగారు 1958లో కాగితం రాసేనాటికి కిలో, లీటరు పల్లెకు చేరలేదు. చేరినా ఆయన వాటిని నమ్మి ఉండేవారు కాదేమో. ఏ కుంచమన్నది తేల్చకుండా ఏదుము అని మాత్రమే రాస్తే, తన తదనంతరం కూతురికి చిన్న కుంచంతో కొలిచి చేతులు దులుపుకునే ప్రమాదం ఉందని ఆయనకు తెలుసు. కళ్ళ ఎదుట ఉన్న పాత్రను కాగితంలోకి ఎక్కించి, ఆ ప్రమాదాన్ని అక్కడే ఆపేశారు. చదువు ఎంతో నాకు తెలియదు కానీ, ఆ పెద్దాయన రాసిన వాక్యంలో ఒక్క మాట కూడా వదులుగా లేదు.

ఇక మీరు సంబంధం లేదనుకుని చివర్లో రాసిన మొదటి సంగతికి వస్తాను. నాలుగు కుంచాలకు ఒక వేలు ముడిచేవారు మీరు. కొలత ముగిసేసరికి ఏమయ్యేదో గుర్తు తెచ్చుకోండి. మీ ఉత్తరంలో, "ఆఖరి కుంచం పడేసరికి నా పిడికిలి మూసుకుపోయేది, నాన్న దాన్ని విప్పి అందులో ఇన్ని గింజలు పోసేవారు" అని ఉంది. ఎడమచేతి వేళ్ళు ఐదూ ముడుచుకుంటే మూసుకున్న పిడికిలి అది. నాలుగు కుంచాల చొప్పున ఐదు వేళ్ళు, అంటే ఐదు తూములు. నిఘంటువుకంటే, నా వ్యాకరణంకంటే గట్టి సాక్ష్యం మీ చేతిలోనే నలభై ఏళ్ళుగా ఉంది. ఏడు తూములైతే పక్క చేతి వేళ్ళు రెండు కూడా కావలసి వచ్చేవి, మీ ఎడమచెయ్యి చాలేది కాదు. నాన్నగారు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టేవారని కూడా రాశారు, ఆ అలవాటు చాలా తెలుగు కళ్ళాల్లో ఉండేది కాబట్టి మీ జ్ఞాపకం కల్పన కాదనడానికి అదొక గుర్తు.

కాబట్టి "ఎంత?" అన్న ప్రశ్నకు మీరు నిస్సంకోచంగా ఐదు తూములు, ఇరవై కుంచాలు అని చెప్పవచ్చు. అలా చెప్పడం అన్నయ్య పక్షం వహించడం కాదు. ఆయన ఈ ఏడాది ఇచ్చింది సున్నా. తమ్ముడి పక్షాన్ని కాదనడమూ కాదు. బాకీ ఉందన్న ఆయన మాట నిజమే, ఎంత అన్నదానిలోనే పొరపాటు ఉంది. ఒక్క మాటలో ఇద్దరికీ చెరి సగం తప్పు ఉన్నప్పుడు, ఆ మాటను ఇద్దరికీ ఒకేసారి, ఒకే చోట కూర్చోబెట్టి చెప్పడం మంచిది. ఒకరికి ముందు ఫోన్ చేసి చెబితే, రెండోవారి చెవికి అది తీర్పులా చేరుతుంది.

ఆ తరువాత ఏం చేయవచ్చన్నదానికి మీ ముందు మూడు నాలుగు దారులు ఉన్నాయి. ప్రతి దారికీ దాని ఫలితం ఉంది.

కాగితంలో ఉన్నదాన్ని ఉన్నట్టు నెరవేర్చడం మొదటిది. అంటే ఇంటి కుంచాన్ని హైదరాబాదు నుంచి వెనక్కి తెప్పించి, కౌలుదారు నుంచి వచ్చే ధాన్యంలో ఇరవై కుంచాలు అత్తయ్య ఎదుట కొలవడం. ఇందులో వాదనకు చోటు లేదు, ఖర్చూ లేదు. కానీ ఒక కొత్త చిక్కు ఉంది. పాత్ర నిండా పోసి అంచుకు సమంగా కర్రతో గీసి కొలవాలా, పైన గోపురంలా నిలిచినంత పోయాలా అన్నది కాగితంలో లేదు, ఆ రెండింటికీ ఇరవై కుంచాల మీద గణనీయమైన తేడా వస్తుంది. మీ నాన్నగారు ఎలా కొలిచేవారో తెలిసినవారు ఇద్దరే, మీరు, అత్తయ్య. మీకు గుర్తు లేకపోతే ఆవిడను అడగండి. అరవై ఏళ్ళకు పైగా ఆ ధాన్యం అందుకున్న మనిషి ఆవిడ. ఏదుము అంటే ఎంతో ఇంతమంది ఇన్ని విధాలుగా వాదించుకుంటున్నారు కానీ, ఆవిడను ఒక్కసారైనా ఎవరైనా అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

రెండో దారి, ధాన్యానికి బదులు డబ్బు. ఇద్దరు మగవాళ్ళూ దీనికే మొగ్గుతారని నా ఊహ, ఎందుకంటే తొంభై దాటిన మనిషికి బస్తాల ధాన్యం కంటే మందులు, ఆయా ఖర్చు అవసరం. ఇది తప్పు కాదు, కానీ డబ్బుగా మార్చే ముందు ధాన్యాన్ని ఒకసారి కొలవక తప్పదు. కుంచంలో ఎండిన ధాన్యం పోసి, ఇద్దరూ చూస్తుండగా మూడుసార్లు తూచి, సగటు తీసి, దాన్ని ఇరవైతో హెచ్చించి కిలోల్లో రాసుకోండి. తరువాత ఏ ధర పట్టుకోవాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆ ఏటి ప్రభుత్వ మద్దతు ధర అనుకుంటే ఏటేటా ఎవరూ ఎవరినీ అడగనవసరం లేని లెక్క అవుతుంది, కళ్ళం దగ్గరి ధర అనుకుంటే ప్రతి సంక్రాంతికీ ఒక తగవు మిగులుతుంది. మూడేళ్ళ బాకీకీ ఆయా సంవత్సరాల ధరే వర్తింపజేసి, అన్నయ్య పంపిన డబ్బును అందులోంచి మినహాయించాలి. ఆయన ఇచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మీ తమ్ముడి న్యాయం కూడా లోపించినట్టే.

మూడో దారి, మీ తమ్ముడి మనసు నొప్పించడం ఇష్టం లేక ఏడు తూములకు ఒప్పుకోవడం. మీరు ఈ వైపు జారతారేమోనని ఉత్తరం చదువుతుంటే అనిపించింది. ఇవ్వాలనుకుంటే ఏడు కాదు, పది ఇవ్వండి, ఎవరూ కాదనరు. కానీ ఏదుముకు అర్థం ఏడని ఒప్పుకోవద్దు. ఐదు తాతగారు రాసినవి, రెండు మేము ఇష్టపడి చేర్చినవి అని విడివిడిగా చెప్పండి, విడివిడిగా రాయండి. లేకపోతే ఇప్పటిదాకా ఐదే ఇచ్చిన మీ నాన్నగారు చెల్లెలికి ఏటా రెండు తూములు ఎగవేసినవారవుతారు. అరవై ఏళ్ళు మాట నిలబెట్టుకున్న మనిషి మీద, ఆయన లేనప్పుడు, మీ మొహమాటం వల్ల ఆ మచ్చ పడకూడదు. మీ తమ్ముడు ఏడు అంటున్నది కూడా ఆశతో కాకపోవచ్చు. ఐదు తూముల ధరకు అత్తయ్య ఖర్చు వెళ్ళడం లేదేమో. అది నిజమైతే, ఆ మాట నేరుగా చెప్పమనండి. ఆవిడ పోషణకు ఎంత కావాలన్నది ఈనాటి అవసరం, ఏదుము అన్నది ఆనాటి హక్కు. అవసరానికి సరిపడా హక్కును సాగదీస్తే రెండూ చెడతాయి. అవసరం కోసం మీరు ముగ్గురూ వేరే ఏర్పాటు చేసుకోవచ్చు, అందులో మీరూ ఒక వాటా వేసుకుంటే మాట్లాడే నైతిక బలం మీకు వస్తుంది.

ఇక కోర్టు. మీ తమ్ముడు కోపంలో ఆ మాట కూడా అన్నాడని రాశారు. పాత మాటల అర్థం తేల్చడానికి చట్టంలో దారి ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 98వ సెక్షన్, దస్తావేజుల్లో వాడుక తప్పిన మాటలు, ఆయా ప్రాంతాలకే పరిమితమైన మాటలు ఉంటే వాటి అర్థాన్ని చూపే సాక్ష్యం ఇవ్వవచ్చని చెప్పింది. ఆయా జిల్లాల్లో వాడే మాటల అర్థం గురించి, తెలుసుకునే ప్రత్యేక అవకాశం ఉన్నవారి అభిప్రాయాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చని 49వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా, ఈ నియమాల సారం మారలేదు. అంటే కోర్టుకు వెళ్ళినా చివరికి నిలబడవలసిన సాక్షులు ధాన్యం కొలిచిన ముసలివాళ్ళు, వేళ్ళు ముడిచిన మీరు, అందుకున్న అత్తయ్య. ఇప్పుడు అరుగు మీద చెప్పగలిగిన మాటనే అప్పుడు బోనులో చెప్పాలి, అదీ ఆవిడకు ఆ ఓపిక, ఆ వ్యవధి ఉంటే. పైగా కాగితం రిజిస్టరు అయిందా లేదా, పాత బాకీని ఎన్నేళ్ళ వెనక్కి అడగవచ్చు అన్న ప్రశ్నలు వస్తాయి. వాటికి ఒక న్యాయవాదిని సంప్రదించడం మంచిది, వ్యాజ్యం వేయడానికి కాకపోయినా, రాజీ కాగితం సరిగా రాసుకోవడానికైనా పనికివస్తుంది. రాజీ కాగితం రాసుకుంటే అందులో ఏదుము అనే మాటను కొట్టివేయకుండా, దాని పక్కనే ఇరవై కుంచాలు అనీ, ఇన్ని కిలోలు అనీ రాయించండి. మీ తరువాతి తరం ఆ మాటకు మళ్ళీ కొత్త అర్థాలు వెతకనవసరం ఉండదు.

మీరు చివర్లో రాసిన రెండో సంగతి ఇంకా మిగిలి ఉంది. కుంచం ఏదమ్మా అని అత్తయ్య రెండుసార్లు అడగడం మాట తప్పడం కాదని నా నమ్మకం. పద్దెనిమిదో ఇరవయ్యో ఏట పుట్టింటికి తిరిగి వచ్చిన మనిషికి ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి గదీ లేదు, పొలమూ లేదు, ఉన్నదల్లా ఏటా ఒకరోజు తన పేరున ఆ పాత్ర నిండడమే. తండ్రి తన కోసం రాసిన వాక్యంలో రెండు వస్తువులు ఉన్నాయి, ధాన్యం ఒకటి, కుంచం ఒకటి. ధాన్యానికి బదులు డబ్బు వచ్చినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. కుంచమే ఇల్లు దాటిపోయిందని తెలిసినప్పుడు, ఇక కొలిచే వాళ్ళు లేరన్న సంగతి ఆవిడకు అర్థమై ఉంటుంది. మీ అన్నయ్య దాన్ని తాతగారి గుర్తుగా ప్రేమతోనే తీసుకెళ్ళి ఉంటారు, ఇనప రేకుకు ఇత్తడి పట్టీలు వేసిన ఆ పాత్ర హాల్లో అందంగా కూడా ఉండి ఉంటుంది. అది తన వస్తువు కాదని, ఒక బాధ్యతకు కొలమానమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇలాంటప్పుడు ఆయనను తప్పుపట్టడం కంటే ఆ వాక్యాన్ని ఆయన చేతే పైకి చదివించడం మేలు.

అందుకని నాదొక సూచన, పాటించడం మీ ఇష్టం. అన్నయ్యకు ఫోన్ చేసినప్పుడు ఐదు, ఏడు, బాకీ అన్న మాటలేవీ ఎత్తకండి. ఈసారి ఊరికి వచ్చేటప్పుడు కుంచం తెమ్మని, అత్తయ్య అడుగుతోందని మాత్రం చెప్పండి. అది వచ్చిన రోజున తమ్ముడిని కూడా పిలిచి, ఒక బస్తా ధాన్యం విప్పించి, అత్తయ్యను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి కుంచం అన్నయ్య చేత పోయించండి. లాభం అనవలసినది ఆయనే. వేళ్ళు మీరు ముడవండి. అంచుకు సమంగా గీయాలో, గోపురంగా పోయాలో ఆవిడే చెబుతారు. ఇరవయ్యో కుంచం పడ్డాక మీ పిడికిలి తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టండి. లెక్క సరిపోయిందో లేదో ఆవిడ చెప్పాక, మీ ముగ్గురూ కిలోల సంగతి, బాకీ సంగతి మాట్లాడుకోవచ్చు.